జరిగిన కథ

పామిడి దగ్గర పెన్న వంతెన ఎక్కగానే బస్సులో పిల్లలు కిటికీల వైపు జరుగుతారు. నది వస్తుందని పెద్దవాళ్లు ముందే చెప్పి ఉంటారు. తీరా చూస్తే కింద ఇసుక, సర్కారు తుమ్మ, ఇసుకలో ఎవరో నడిచి వేసిన దారి. ఎండాకాలం సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా అక్క మనవరాలు, తొమ్మిదేళ్ల పిల్ల, చెప్పులు విడవకముందే నన్ను పట్టుకుంది. "తాతా, కింద నీళ్లు లేకపోతే వంతెన ఏంటికి కట్టినారు?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రాత్రి మిద్దె మీద మేమంతా ఒక సినిమా చూశాం. అందులో ఒక నది మనిషి ఆకారంలో లేచి నిలబడి, తన మీద కట్టిన వంతెనను రెండు చేతులతో పెళ్లగించింది. పిల్ల నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పగలు అడిగిన ప్రశ్న దానికీ గుర్తుంది, నాకూ గుర్తుంది.

ఆ సినిమా పేరు 'ది క్రానికల్స్ ఆఫ్ నార్నియా: ప్రిన్స్ కాస్పియన్'. 2008లో వచ్చింది. పిల్ల నాయన బెంగళూరులో కరెంటు పని చేస్తాడు. చిన్న ప్రొజెక్టర్ ఒకటి పాతది చవగ్గా దొరికితే తెచ్చాడు. అక్క పెట్టెలోంచి ఉతికిన తెల్ల దుప్పటి తీసింది. మెట్లగది గోడకు నాలుగు మేకులు కొట్టి దాన్ని బిగించి కట్టాం. వీధిలో పిల్లలు పదిమందికి పైగా వచ్చారు. బొరుగులు, వేయించిన శెనక్కాయలు చేటలో పోసి మధ్యలో పెట్టింది అక్క.

అప్పుడు తెలిసింది అసలు చిక్కు. అది రెండో భాగం. మొదటి భాగం మా దగ్గర లేదు. సినిమా ఇంగ్లీషులో ఉంది. మా పిల్లకు తప్ప మిగతా వాళ్లెవరికీ ఆ భాష అందదు. "ముందేం జరిగిందో చెప్పకపోతే ఎట్ల తెలుస్తాది?" అన్నాడు ఎదురింటి పిల్లవాడు. నిజమే. బొమ్మ ఆపి, గోడకు ఆనుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టాను.

నలుగురు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లు. పీటర్, సూసన్, ఎడ్మండ్, లూసీ. పట్నంలో యుద్ధం జరుగుతుంటే పిల్లలను పల్లెటూళ్లకు పంపేశారు. వీళ్లు చేరిన ఇంట్లో ఒక పాత బీరువా ఉంది. దాని తలుపు తీసి బట్టల మధ్య నుంచి నడిస్తే వేరే లోకం వచ్చింది. అదే నార్నియా. అక్కడ మంత్రగత్తె శాపం వల్ల ఏడాది పొడవునా చలికాలమే, మంచే. పిల్లలు ఆస్లాన్ అనే సింహం తోడుతో శాపం తీర్చి, రాజులూ రాణులూ అయ్యారు. చాలా ఏళ్లు ఏలారు. ఒకరోజు వేటకు పోయి, దారి తప్పి, ఆ బీరువాలోంచే బయటపడి మళ్లీ పిల్లలైపోయారు.

మంచు అంటే ఏమిటో మా పిల్లలకు చెప్పడం తేలిక కాదు. ఎడతెగని చలి శాపమని ఎంత చెప్పినా, మే నెల రాత్రి పదకొండుకు కూడా వేడి వదలని మిద్దె మీద కూర్చున్న పిల్లలకు అది వరంలా వినిపించింది. ఒక అమ్మాయి దాన్ని తనకు అర్థమయ్యేట్టు మార్చుకుంది. "అంటే మనకు ఎప్పుడూ ఎండాకాలమే ఉన్నట్ల." ఆ మాటతో మిగతా వాళ్లందరికీ కథ దారి దొరికింది.

తిరిగొచ్చేసరికి

రెండో భాగం ఇలా మొదలవుతుంది. పిల్లలకు గడిచింది ఒక్క ఏడాది. నార్నియాలో గడిచింది 1300 ఏళ్లు. లండన్ రైల్వే స్టేషన్లో నిలబడ్డ నలుగురూ ఉన్నట్టుండి ఒక సముద్రపు ఒడ్డున తేలతారు. గట్టెక్కితే శిథిలమైన కోట. చెట్లు మొలిచిన గోడలు. ఎవరిదో తెలియదు. ఆ రాళ్ల మధ్య బంగారు చదరంగం పావు ఒకటి దొరుకుతుంది. అప్పుడు మనసుకు తగులుతుంది: ఇది మన కోటే. మనం కూర్చున్న సింహాసనాల గది ఇదే.

సినిమాలో ఈ ఘట్టం చాలా తొందరగా గడిచిపోతుంది. నాకైతే మిగతా యుద్ధాలన్నీ తీసేసి దీన్నే ఇంకో పావుగంట చూపించి ఉంటే బాగుండుననిపించింది. మిద్దె మీద ఉన్న పెద్దవాళ్లలో అలా అనిపించింది నా ఒక్కడికే కాదు. పిల్ల నాయన అప్పటిదాకా గోడవారగా ఫోను చూసుకుంటున్నవాడు, తలెత్తి దుప్పటి వైపు చూశాడు.

మరుసటి రోజు పొద్దున అతను కూతురిని చేను దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెంట నడిచాను. అక్కడ రాతికట్టు బావి ఉంది. మా బావగారి తాతలు తవ్వించింది. ఈ పిల్ల నాయన ఈత నేర్చుకున్నది అందులోనే. ఇప్పుడు అడుగున ఎండు కంప, పావురాలు. గట్టు మీద ఒక పెద్ద బండ మాత్రం అట్లాగే ఉంది. కపిల తోలే రోజుల్లో మోకు రాసుకుని రాసుకుని ఆ బండలో అరచెయ్యి పట్టేంత గాడి పడింది. అతను కూతురి చెయ్యి తీసి ఆ గాడిలో పెట్టించాడు. "నీళ్లు ఇంత పైకి ఉండేవి" అని మాత్రం అన్నాడు. పిల్ల ఆ గాడిని వేళ్లతో తడిమి తడిమి చూసింది. రాత్రి చూసిన చదరంగం పావును తలుచుకుందో లేదో నేను అడగలేదు.

అనంతపురం పీఠభూమి మీద ఏడాదికి పడే వాన సగటున దాదాపు 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపుకుంటాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి చిక్కిపోతాయి. ఎర్ర నేల, పలుచటి మట్టి, దాని మీద ఏటేటా శెనక్కాయ. కాయ ఊరే సమయంలో మూడు వారాలు వాన మొహం చాటేస్తే ఆ ఏడాది లెక్క ముగిసినట్టే. అందుకే మా పల్లెల్లో వయసులో ఉన్నవాళ్లు బెంగళూరుకో కేరళకో పనికి పోతారు, ముసలివాళ్లు ఇల్లు కాస్తారు. పోయినవాళ్లు ఉగాదికో సెలవులకో తిరిగొస్తారు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి లేకుండా పోయి ఉంటుంది. ఒక చింతచెట్టు, ఒక కుంట, ఒక మనిషి. తిరిగొచ్చి తన ఊరిని గుర్తుపట్టలేకపోవడం ఇక్కడ రాజకుమారుల కష్టం కాదు, ప్రతి ఇంటి కష్టం.

ఈ కథ రాసిన సి.ఎస్. లూయిస్ ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం బోధించినవాడు. 1939లో యుద్ధం మొదలైనప్పుడు లండన్ నుంచి తరలించిన పిల్లలు కొందరు ఆయన ఇంట్లోనే తలదాచుకున్నారు. నార్నియా పిల్లలు ఆ పిల్లల్లోంచే పుట్టారు. 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున ఏడు పుస్తకాలు వచ్చాయి. అందులో రెండోది 'ప్రిన్స్ కాస్పియన్', 1951. సొంత ఊరు వదిలి పోవాల్సి వచ్చిన పిల్లల కోసం పుట్టిన కథ గనకే దానికి మా మిద్దె మీద పరాయితనం అనిపించలేదని నా నమ్మకం.

దాది చెప్పిన కథలు

సినిమాలో లేని ఒక మనిషిని నేను నా చెప్పడంలో చేర్చాను. పుస్తకంలో ఉంది కాబట్టి చేర్చాను. ఆమె కాస్పియన్ దాది.

కాస్పియన్ అసలు రాజకుమారుడు. తండ్రి చనిపోయాక పినతండ్రి మిరాజ్ రాజ్యం పట్టుకున్నాడు. ఒకప్పుడు ఈ నేల మీద జంతువులు మాట్లాడేవనీ, చెట్లకూ నదులకూ ప్రాణం ఉండేదనీ చిన్నప్పుడు పిల్లవాడికి దాది రహస్యంగా చెబుతుంది. పినతండ్రికి తెలిసిపోతుంది. అవన్నీ కట్టుకథలని పిల్లవాడిని కసిరి, ఆమెను తెల్లారేసరికి కోటలోంచి పంపేస్తాడు. తరువాత వచ్చిన గురువు డాక్టర్ కార్నీలియస్ ఆ కథలనే, ఇంకా చాటుగా, బురుజు మీదికి తీసుకెళ్లి చెబుతాడు. కోట నుంచి పారిపోయిన కాస్పియన్ అడవిలో పడి ప్రాణం దక్కించుకున్నాడంటే, అక్కడ తనకు ఎదురైన పొట్టివాళ్లూ మాట్లాడే బ్యాడ్జర్ లాంటి జీవాలూ ఎవరో వాడికి కథల వల్ల ముందే తెలుసు.

"కథ చెప్పిన పాపానికి ముసలిదాన్ని తరిమేసినారా?" అంది మా అక్క. ఆమెకు ఆ కథలో అన్నిటికంటే పట్టిన విషయం అదే. యుద్ధం జరుగుతున్నంతసేపూ మళ్లీ మళ్లీ అడిగింది, "ఆమె ఏమైంది? మళ్ల వచ్చిందా లేదా?" అని. పుస్తకం చివర్లో వస్తుంది. జబ్బుపడి చావుకు దగ్గరైన ఆమె గుడిసెకు ఆస్లాన్ స్వయంగా పోతాడు. ఆ సంగతి చెప్పాక గానీ అక్క కుదుటపడలేదు.

పిల్లల కోసం రాసిన కథలో లూయిస్ పెట్టిన అసలు కీలు ఇదేనని నేననుకుంటాను. ఒక నేలను ఆక్రమించినవాడు ముందు ఆ నేల గురించిన కథను ఆపేస్తాడు. కథ ఆగిపోయిన చోట చెట్లు నిద్రపోతాయి, జంతువులు మాట మరిచిపోతాయి. నలుగురు వీరులు వచ్చి కత్తి తిప్పడం తరువాతి సంగతి. అంతకుముందు ఒక ముసలామె, ఒక పొట్టి గురువు జరిగిన కథను చావనివ్వకుండా కాపాడి ఉండాలి.

మా సీమలో అలా కాపాడినవాళ్లు దుప్పటి మీదే కాపాడారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. మేకతోలును పలుచగా, వెలుతురు దూరేట్టు చేసి, రంగులద్ది, సన్నటి చిల్లులు పొడిచి నగలు తీరుస్తారు. తెల్లటి తెర వెనక దీపం. ఒక రాత్రిలో రామాయణం అయిపోదు. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మరుసటి రాత్రి. మొదట్లో బంగారక్కో కేతిగాడో వచ్చి నవ్విస్తూనే నిన్నటి రాత్రి రానివాళ్లకు సంగతంతా అందించేవాళ్లు. రెండో భాగం చూడటం అనే విద్య మా వాళ్లకు సినిమా నేర్పలేదు. తెర ముందు కూర్చుని, నిన్న ఏమైందో చెప్పించుకుని, తెల్లవారేదాకా చూసి, రేపటి కోసం మిగుల్చుకోవడం తోలుబొమ్మలవాళ్లే నేర్పారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ ఇళ్లలో ఎక్కువగా దీపాల తొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు తయారవుతున్నాయి. చేతి పనితనం అదే. కథ ఆడించమని అడిగే ఊళ్లు తగ్గాయి.

తాడిపత్రి నుంచి పాతాళం దాకా

లూయిస్ రెండో పుస్తకం అచ్చయిన 1951లోనే, మార్చి 15న, తెలుగులో 'పాతాళభైరవి' విడుదలైంది. దాన్ని తీసిన కె.వి. రెడ్డి మా తాడిపత్రిలో పుట్టాడు. పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి, 1912. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉన్న ఊరు అది. ఎండాకాలం నది ఇసుకై పోయినా గర్భగుడిలో శివలింగం దగ్గర ఊట ఊరుతూనే ఉంటుంది. బుగ్గ అంటే ఊటే. నేల కింద ఏదో దాగి ఉంది, తలుపు తెలిస్తే చాలు అనే ఊహ ఆ ఊరి పిల్లవాడికి ఎక్కడి నుంచి వచ్చిందో నేను రుజువు చెయ్యలేను గానీ, ఆ గుడిలో నిలబడినప్పుడల్లా పాతాళభైరవి గుహ నాకు గుర్తొస్తుంది.

ఆ సినిమా మూలం 'కాశీమజిలీ కథలు'. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ఆ పుస్తకాల పద్ధతే సీరియల్ పద్ధతి. మణిసిద్ధుడు అనే యతి, గోపుడు అనే పశువుల కాపరి కుర్రవాడు కాశీకి నడుస్తారు. మజిలీ చేసిన చోటల్లా కుర్రవాడు ఆ ఊళ్లో చూసిన వింత గురించి అడుగుతాడు, యతి దాని వెనకటి కథ చెబుతాడు. వింత ముందు, జరిగిన కథ తరువాత. వంతెన ముందు చూసి నది గురించి తరువాత అడిగిన మా పిల్లలాగే.

పింగళి నాగేంద్రరావు మాటలు, మార్కస్ బార్ట్‌లే కెమెరా, ఘంటసాల పాటలు కలిసి తోటరాముడిని, నేపాళ మాంత్రికుడిని ఇంటింటి మనుషులను చేశాయి. ఆ సినిమా నిర్మించిన విజయా వారి నాగిరెడ్డి, చక్రపాణిలే 'చందమామ'కూ యజమానులు. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో పాతాళభైరవి కథ కూడా వచ్చింది. పిల్లల పత్రిక, వెండితెర ఒకే పందిట్లో పెరిగిన కాలం అది. బెంగాల్లోనూ అంతే. ఉపేంద్రకిశోర్ రాయ్ 1913లో పెట్టిన 'సందేశ్' పిల్లల పత్రిక. ఆయన రాసిన గూపీ, బాఘాల కథను మనవడు సత్యజిత్ రాయ్ 1969లో సినిమా తీశాడు. 1980లో 'హీరక్ రాజార్ దేశే' పేరుతో దానికి రెండో భాగం తీశాడు. తాత పిల్లలకు చెప్పిన కథను మనవడు ఆపకుండా ముందుకు నడిపించాడు.

మనకు అలా జరగలేదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం దశాబ్దాలపాటు తెలుగు పిల్లలను నెల నెలా నిద్రపోనివ్వలేదు. చిత్రా వేసిన ఆ బొమ్మలు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తాయి. నార్నియాకు ఏడు పుస్తకాలుంటే మనకు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా నాణ్యంగా తెరకెక్కి, ఒక భాగం తరువాత ఇంకో భాగం కోసం పిల్లలు ఎదురుచూడాలని నా చిరకాలపు కోరిక. ఇంత గ్రాఫిక్స్ చేతికొచ్చిన తెలుగు సినిమాకు అది చెయ్యలేని పని కాదు. చెయ్యకపోవడం నాకు బాధగా ఉంది.

మా చిన్నప్పుడు ఊళ్లోకి ఒక్క చందమామ వచ్చేది, బడి పంతులుగారి ఇంటికి. అది చేతులు మారి మా దాకా చేరేసరికి అట్ట ఉండేది కాదు. కొన్ని నెలల సంచికలు అసలు చేరేవి కావు. అప్పుడు ఆదుకున్నది సీరియల్ మొదట్లో ఇచ్చే నాలుగు వాక్యాలు, అంతకుముందు ఏమైందో చెప్పేవి. ఆ నాలుగు వాక్యాలను నేను ఎన్నిసార్లు చదివానో. తప్పిపోయిన నెలంతా వాటిలోంచి ఊహించుకునేవాణ్ని. తరువాత ఎప్పుడో ఆ సంచిక దొరికితే, నేను ఊహించినదీ అచ్చయినదీ వేరుగా ఉండేవి. రెండూ నాకు నిజమే.

నది లేచినప్పుడు

సినిమా మళ్లీ నడిచింది. నేను తగ్గిన గొంతుతో తెలుగులో చెబుతూ పోయాను. మిరాజ్ కోట మీద రాత్రిపూట జరిగే దాడి పుస్తకంలో లేదు. సినిమావాళ్లు కలిపారు. తలుపు మూసుకుపోయి సగం మంది లోపలే చిక్కుకుపోయే ఆ దృశ్యం గుండె పిండేస్తుంది, కాదనను. కానీ దాంతో యుద్ధం బరువు పెరిగి అడవి పలుచనైంది. పుస్తకంలో లూసీ వెన్నెల్లో ఒంటరిగా చెట్ల మధ్య నడుస్తూ, వాటిని లేవమని బతిమాలుతుంది. అవి కొంచెం కదిలి, లేవబోయి, మళ్లీ నిద్రలోకి జారిపోతాయి. పిల్లల సాహిత్యంలో అంత చక్కటి పేజీ నేను ఎక్కువగా చూడలేదు. 225 మిలియన్ డాలర్లు ఖర్చు పెట్టిన సినిమాలో ఆ నిశ్శబ్దానికి సరైన చోటు దొరకలేదు. ఖర్చుకు తగ్గ రాబడి రాలేదని ఆ ఏడాది చివర్లోనే డిస్నీ తప్పుకుంది. మూడో భాగాన్ని ఇంకో సంస్థ 2010లో తెచ్చింది. ఏడు పుస్తకాల్లో మూడు దగ్గరే ఆ వరస ఆగింది.

అయినా చివర్లో చెట్లు లేచాయి. వేళ్లు నేలలో పాముల్లా పరుగెత్తి శత్రువుల రాతి యంత్రాలను చుట్టేశాయి. వీధి పిల్లలు లేచి నిలబడ్డారు. ఒక పిల్లవాడు "తిమ్మమ్మ మర్రిమాను!" అని కేక పెట్టాడు. బడిలో వాళ్లను కదిరి దగ్గరికి తీసుకెళ్లి చూపించారట. అయిదెకరాలు పరుచుకుని, ఎన్ని ఊడలు దిగాయో లెక్క తేలని చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. భర్త చితి మీద ప్రాణం వదిలిన తిమ్మమ్మ పేరిట, అక్కడి గుంజ ఒకటి చిగిర్చి ఆ మాను అయిందని కథ. చిన్న గుడి కూడా ఉంది. పిల్లవాడికి లేచి నడిచే చెట్టును నమ్మడం కష్టం కాలేదు. నడుస్తూ నడుస్తూ అయిదెకరాలు ఆక్రమించిన చెట్టు కింద వాడు అన్నం తిని వచ్చాడు.

ఆ తరువాతే నది. శత్రు సేన వంతెన దగ్గరికి పరుగెత్తుతుంది. అవతలి గట్టున లూసీ, పక్కన సింహం. సింహం గర్జించగానే నీళ్లు వెనక్కి తగ్గి, కొండలా పైకి లేచి, గడ్డం ఉన్న ముసలి దేవుడిగా మారతాయి. ఆ దృశ్యానికి వంతెనను స్లొవేనియాలో, సోచా నది మీద నిజంగానే కట్టారు. పుస్తకంలో నది దేవుడు తన సంకెళ్లు విప్పమని ఆస్లాన్‌ను వేడుకుంటాడు. సంకెళ్లంటే ఆ వంతెనే.

నాకు అక్కడ గొంతు ఆగింది. పిల్లలకు ఎలా చెప్పాలో తెలియలేదు. లూయిస్ దేశంలో నదికి కట్టు విప్పడమంటే స్వేచ్ఛ. మా నేలలో నది ప్రార్థన అది కాదు. ఏడాదికి నాలుగు రోజులు వచ్చే నీటిని పోనివ్వకుండా కట్టెయ్యడమే మా వాళ్లు తరతరాలుగా చేసిన పని. విజయనగరం బుక్కరాయల కాలంలో, పద్నాలుగో శతాబ్దంలో, పండమేరుకు అడ్డంగా కట్టిన చెరువుల వల్లే అనంతపురం, బుక్కరాయసముద్రం అనే ఊళ్లు ఉన్నాయి. సాగరం, సముద్రం అని పేర్లు పెట్టుకున్న కరవు సీమ మాది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగిపోబోతే, ముసలమ్మ అనే ఊరి కోడలు గండిలోకి నడిచి వెళ్లి తనను తాను అర్పించుకుంటే కట్ట నిలిచిందని కథ. పేరే ముసలమ్మ గానీ వయసులో ఉన్న మనిషి. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశాడు. బుక్కరాయసముద్రం కట్ట మీద ఇప్పటికీ ఆమెకు పూజ జరుగుతుంది.

కథ కోసం ఒక ఆడమనిషిని నీళ్లలోకి పంపడం నాకు ఏనాడూ మింగుడు పడలేదు. కానీ ఆ కథ ఒక సంగతిని ఆరు వందల ఏళ్లు మోసుకొచ్చింది. ఈ నీటికి దారి ఉంది, బలం ఉంది, ఎప్పుడైనా వస్తుంది అని. 2022 అక్టోబరులో వచ్చింది. ఒక్క రాత్రి వానకు అనంతపురం నగరం మధ్య నడిమివంక పొంగి కాలనీలను ముంచింది. మంచాల మీద ముసలివాళ్లను ఎత్తుకుని మిద్దెలెక్కిన జనం, తేలిపోయిన గ్యాసు బండలు, పుస్తకాల సంచులు. ఏళ్ల తరబడి మురికి కాలువలా కనబడ్డ వంక అది. దాని పక్కన, దాని లోపల స్థలాలు కొనుక్కున్నవాళ్లలో చాలామందికి అది ఒకప్పుడు ఏమిటో చెప్పినవాళ్లు లేరు. అమ్మినవాళ్లు చెప్పలేదు. అనుమతులిచ్చినవాళ్లు చెప్పలేదు. జరిగిన కథ తెలియకుండా రెండో భాగంలోకి అడుగుపెట్టిన జనం వాళ్లు. నది లేచిన రాత్రి వాళ్లకు అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు.

ఇవన్నీ పిల్లలకు చెప్పలేదు. "ఈ నదిని చానా ఏండ్లు ఎవరూ పిలవలేదు, ఇప్పుడు సింహం పిలిచింది" అని మాత్రం అన్నాను. మా పిల్ల మెల్లగా అడిగింది. "మన పెన్న కూడా పండుకోనుందా తాతా? అందుకే వంతెన కట్టి పెట్టినారా, లేస్తే పనికొస్తాదని?"

పగటి ప్రశ్నకు జవాబు అదే తెచ్చుకుంది. నేను ఊఁ అన్నాను.

సినిమా అయ్యేసరికి రెండున్నర గంటలు గడిచాయి. పీటర్, సూసన్ ఇక పెద్దవాళ్లయ్యారు కాబట్టి నార్నియాకు మళ్లీ రారని తెలిసినప్పుడు మా పిల్ల ముఖం చిన్నబోయింది. తన వయసు లెక్క వేసుకుని, "నాకింకా టైముంది" అంది. మిగతా పిల్లలు లేవలేదు. మొదటి భాగం పూర్తిగా చెప్పమన్నారు. నేను ఇందాక అయిదు నిమిషాల్లో చెప్పింది చాలదట. ప్రొజెక్టర్ ఆర్పేశాం. బీరువా దగ్గర నుంచి మొదలుపెట్టి చెబుతుంటే, బొమ్మ లేని ఆ దుప్పటి వైపే చూస్తూ విన్నారు. మంచును నేను ఎండగా మార్చలేదు. అది వాళ్లే మార్చుకున్నారు.

మా ఊరి పిల్లలకు ఆ పుస్తకాలు చేతికందే దారి ఒకటి ఉండాలి. ఇంటిపన్ను కట్టే ప్రతివాడూ దానితోపాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు అది. ఆ డబ్బు పిల్లల పుస్తకాలుగా, తెలుగులో, కాశీమజిలీలూ దాసరి సీరియళ్లూ లూయిస్ అనువాదాలూ అన్నీ కలిసి, మండలానికొక అలమరగా అయినా పల్లెలకు చేరాలి. సినిమా ముందు చూస్తే తప్పేమీ లేదు. చూసి వచ్చిన రాత్రి "ముందేం జరిగింది?" అని అడిగే పిల్లవాడికి తెరవడానికి ఒక అట్ట ఉండాలి.

సెలవులు అయిపోయి వాళ్లు బెంగళూరు బస్సెక్కిన రోజు నేను పామిడి దాకా వెళ్లాను. బస్సు నిండుగా ఉంది. మా పిల్లకు పక్క సీట్లో తన వయసు అబ్బాయి ఒకడు దొరికాడు, వాడు ఆ దారిన పోవడం మొదటిసారట. బస్సు కదిలేలోపు కిటికీలోంచి వాళ్ల మాటలు నాకు వినబడ్డాయి. వాడు ముందుకు వంగి, "అబ్బ, నది అన్నారు, అంతా ఇసుకే ఉంది" అన్నాడు.

"ఉండు, నీకు తెలీదు" అంది మా పిల్ల, కాళ్లు సీటు మీదికి మడుచుకుని వాడి వైపు తిరిగి. "ముందు ఏం జరిగిందంటే..."